పండు తొక్క మీద థైరమ్: రామన్ స్పెక్ట్రోమీటర్‌తో పట్టుకోవడం, 1380 పీక్ దగ్గర మోసపోకపోవడం

కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్. వేరుశనగ వేసే ఇళ్లలో ఈ లెక్క అందరికీ నోటికి వచ్చు. విత్తనశుద్ధికి మనం వాడే ఈ బూజు మందునే ఆపిల్, పీచ్, స్ట్రాబెర్రీ తోటల్లో పిచికారీ చేసిన దేశాలూ ఉన్నాయి. ఉపరితలం మీద మిగిలిన విష రసాయనాన్ని కాంతితో గుర్తించడం నేర్చుకునేవాళ్లకి దీనికన్నా అనువైన మందు దొరకదు. దీనిలోని గంధకం ఈ పద్ధతిలో వాడే వెండి నానోకణాలను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి సంకేతం బలంగా వస్తుంది. అంత తేలిగ్గానూ మోసం చేస్తుంది. థైరమ్ ఇచ్చే అతి పెద్ద పీక్ (రేఖలో ఎత్తుగా లేచే మొన) 1380 విలోమ సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది; తిరిగి వచ్చిన కాంతి రంగు లేజర్ రంగు నుంచి ఎంత జరిగిందో చెప్పే కొలమానం ఇది, కింద పీక్‌లకు ఇచ్చే అంకెలు ఇందులోవే. ల్యాబ్‌లో థైరమ్ కాని కనీసం అయిదు వస్తువులు సరిగ్గా ఆ పక్కనే పీక్ చూపిస్తాయి. ఈ పనిలో సగం థైరమ్‌ని వెతకడమైతే, మిగతా సగం ఆ అయిదింటినీ పక్కకి తప్పించడం.

కోయంబేడు మార్కెట్ నుంచి తెచ్చిన పండ్లను చెన్నైలో ఏదైనా కాలేజీ ల్యాబ్‌లో పరీక్షించేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాం. 785 నానోమీటర్ల లేజర్ ఉన్న చిన్న రామన్ స్పెక్ట్రోమీటర్, ఫైబర్ ప్రోబ్, ఒక సెంట్రిఫ్యూజ్, మైక్రోపిపెట్‌లు, వేడిచేస్తూ తిప్పే స్టిరర్ ఉంటే చాలు.

వెండి ఎందుకంటే, పదార్థం మీద పడిన కాంతిలో సుమారు కోటి ఫోటాన్లకు ఒక్కటి మాత్రమే రంగు మారి తిరిగి వస్తుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ పట్టుకున్నది ఆ ఒక్కదాన్నే. (విశాఖపట్నంలో బడి చదువు చదివి మద్రాసు వచ్చిన ఆయన 1907లో ఎం.ఏ. పూర్తి చేసింది మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలోనే.) తొక్క మీద నానోగ్రాముల్లో ఉన్న మందుకు ఆ వెలుతురు ఏ మూలకూ చాలదు. అణువు వెండి నానోకణానికి అంటుకుంటే సంకేతం లక్షల రెట్లు పెరుగుతుంది. 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడీన్‌తో మొదట కనబడిన ఈ పెరుగుదలే ఇక్కడ మనకు ఆధారం.

ముందుగా కళ్ల సంగతి. 785 లేజర్ కంటికి మసక ఎరుపుగా, ఏమంత బలం లేనట్టు కనబడుతుంది. కనబడేది మసకే గాని రెటీనా మీద పడేది పూర్తి శక్తి. వెలుతురు తీవ్రంగా అనిపించదు కాబట్టి రెప్ప వెంటనే పడదు. 785 దగ్గర ఆప్టికల్ డెన్సిటీ 5 ఉన్న (అంటే ఆ కాంతిని లక్షో వంతుకు తగ్గించే) కళ్లద్దాలు పెట్టుకోండి, మామూలు రంగు కళ్లద్దాలు పనికిరావు. ప్రోబ్‌నీ నమూనానీ నల్లటి పెట్టెలో మూసి కొలవండి. ఆ పెట్టెకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ట్యూబ్‌లైట్‌లో ఉండే ఆర్గాన్ వాయువు 811.5 నానోమీటర్ల దగ్గర గీత ఇస్తుంది. 785 లేజర్ లెక్కలో అది 416 దగ్గర సన్నటి పీక్‌గా పడుతుంది. థైరమ్‌కి 440 దగ్గర ఒక చిన్న పీక్ ఉంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోకండి.

రోజూ మొదటి పని క్యాలిబ్రేషన్, అంటే మెషీన్ చూపే అంకెల్ని సరిచూసుకోవడం. సిలికాన్ ముక్క ఉంటే 520.5 దగ్గర పీక్ రావాలి. కాని ఆ ఒక్క పీక్ సరిపోయినంత మాత్రాన 1380 కూడా సరిగ్గా ఉన్నట్టు కాదు. పై పూత లేని తెల్లటి పారాసిటమాల్ మాత్ర ఒకటి పెట్టి 857.9, 1168.5, 1236.8, 1323.9, 1648.4 చూడండి. ఏది 2 కన్నా ఎక్కువ జరిగినా ఆ రోజు కొలతలు మొదలుపెట్టకండి. ఏసీ వేసిన పది నిమిషాలకే కొలిస్తే ఇలా జరుగుతుంది. మెషీన్ ఆన్ చేసి అరగంట ఆగండి.

వెండి కొల్లాయిడ్

వెండి నానోకణాలు నీళ్లలో తేలుతూ ఉండే ద్రవమే ఈ కొల్లాయిడ్. దాని తయారీకి 1982లో లీ, మైసెల్ ఇచ్చిన పద్ధతే ఇప్పటికీ చవకైనదీ, నమ్మదగినదీ. గాజు సామాను 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డీఅయొనైజ్డ్ (లవణాల అయాన్లు తీసేసిన) నీళ్లతో అయిదారు సార్లు కడగాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆ దరిదాపులకు రాకూడదు. ఆఖరిసారి కడిగిన నీళ్లు కొంచెం టెస్ట్‌ట్యూబ్‌లోకి తీసుకుని ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయండి. నల్లటి కాగితం ముందు పెట్టి చూస్తే నీళ్లు పాలు విరిగినట్టు తెల్లగా మసకబారాయా, ఇంకా క్లోరైడ్ ఉందన్నమాట, మళ్లీ కడగాలి. చెన్నైలో ఉప్పు బోరు నీళ్లు వచ్చే చోట ఈ పరీక్ష ఎగ్గొడితే కొల్లాయిడ్ మొదటి పది నిమిషాల్లోనే బూడిద రంగు మడ్డిగా అడుక్కి దిగుతుంది. ఎందుకు చెడిందో అంతుపట్టక వారం రోజులు పోతాయి.

250 మిల్లీలీటర్ల డీఅయొనైజ్డ్ నీళ్లలో 45 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్ కరిగించి, తిప్పుతూ మరిగించండి. బాగా మరుగుతుండగా 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ ద్రావణం 5 మిల్లీలీటర్లు చుక్కలు చుక్కలుగా వేయండి. కాసేపు ఏమీ జరగదు. తర్వాత లేత పసుపు తిరుగుతుంది, అది చిక్కబడి, ఆఖరికి ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద పసుపులో నిలుస్తుంది. అలాగే గంటసేపు మెల్లగా మరగనిచ్చి, చల్లారాక ఆవిరైపోయినంత మేరకు నీళ్లు కలిపి మళ్లీ 250కి తేవాలి. పదింతలు పలచన చేసి యూవీ విజిబుల్ స్పెక్ట్రోమీటర్‌లో చూస్తే 410, 430 నానోమీటర్ల మధ్య పీక్ రావాలి. ఎరుపు వైపు పొడవాటి తోక కనబడితే కణాలు అప్పటికే గుంపు కట్టాయి, ఆ బ్యాచ్ పారేయండి. మంచిదైతే గోధుమ రంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డ మాత్రం కట్టనివ్వకండి. పక్కన మురుగు కాలువ వాసన వచ్చే ల్యాబ్ అయితే సీసా మూత తీసి ఉంచొద్దు. ఆ గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ మన థైరమ్ కన్నా ముందే వెండిని పట్టేస్తుంది.

వాడే రోజు 1 మిల్లీలీటరు కొల్లాయిడ్‌ను 5000 ఆర్‌పీఎమ్ దగ్గర పది నిమిషాలు తిప్పి, పైన తేరిన 0.95 మిల్లీలీటర్లు తీసేసి, అడుగున ఉన్నదాన్ని కదిపి వాడండి. సిల్వర్ నైట్రేట్ చేతికి అంటితే నల్లమచ్చ రోజుల తరబడి పోదు. వెండి వ్యర్థాన్ని సింకులో పోయకుండా విడి సీసాలో పోగుచేయండి. అందులో అమోనియా కలిసిందేదీ పోయకండి, నిలవ ఉంటే పేలే పదార్థం తయారవుతుంది.

ప్రామాణిక ద్రావణాలు, ఎంత వెతకాలన్న లెక్క

థైరమ్ నీళ్లలో దాదాపు కరగదు, లీటరుకు 18 మిల్లీగ్రాములే. 24 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల ఎసిటోన్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. దాన్ని ఎథనాల్‌తో పదింతల చొప్పున మూడుసార్లు పలచన చేస్తే లీటరుకు 24, 2.4, 0.24 మిల్లీగ్రాముల ద్రావణాలు వస్తాయి. పొడి తూచేటప్పుడు ఫ్యూమ్ హుడ్, మాస్కు తప్పనిసరి.

మార్కెట్ పరిమితులు కిలోకి మిల్లీగ్రాముల్లో ఉంటాయి, మనం చూసేదేమో చదరపు సెంటీమీటరు. ఈ రెండింటికీ వంతెన వేయకుండా కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. 200 గ్రాముల ఆపిల్‌ని గుండ్రటి బంతి అనుకుంటే తొక్క వైశాల్యం దాదాపు 184 చదరపు సెంటీమీటర్లు. మందంతా తొక్క మీదే ఉందనుకుంటే కిలోకి 1 మిల్లీగ్రాము అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1090 నానోగ్రాములు. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందులకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) సాధారణంగా వర్తింపజేసే 0.01 మిల్లీగ్రాముకి వస్తే అది 11 నానోగ్రాములే. 5 గ్రాముల ద్రాక్షపండుకి ఇదే లెక్క వేస్తే కిలోకి 1 మిల్లీగ్రాముకి 370 నానోగ్రాములే వస్తాయి, ఎందుకంటే చిన్న పండుకి బరువుతో పోలిస్తే తొక్క ఎక్కువ. ఆపిల్‌కి పెట్టుకున్న హద్దు ద్రాక్షకి అలాగే వాడితే మూడోవంతు దగ్గరే లెక్క తప్పుతుంది.

తొక్క మీద 2 సెంటీమీటర్ల చదరం గీసి, 40 మైక్రోలీటర్ల ద్రావణాన్ని చిన్న చిన్న చుక్కలుగా పరిచి ఆరనివ్వండి. ఆ మూడు ద్రావణాలతో చదరపు సెంటీమీటరుకు 240, 24, 2.4 నానోగ్రాముల మెట్లు వస్తాయి. చెన్నై ఉక్కలో నీళ్ల చుక్క ఆరడానికి చాలాసేపు పడుతుంది, ఎథనాల్ ఆ బాధ తప్పిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పండుని మాత్రం గది వేడికి వచ్చేదాకా ముట్టుకోకండి. దాని మీద పట్టిన చెమ్మ చుక్కలన్నిటినీ కలిపేసి గీత దాటిస్తుంది.

తుడవడం, కొలవడం

కొల్లాయిడ్‌ను నేరుగా తొక్క మీద చుక్క వేసి కొలవచ్చు. వేగంగా అవుతుంది గాని ఆరిన చుక్కలో కణాలన్నీ అంచుకు చేరతాయి, ఒక్కో చోట ఒక్కో అంకె వస్తుంది, మైనం అడ్డం వస్తుంది. తుడిచి తీయడమే మేలని మా అభిప్రాయం.

తుడవడానికి స్వాబ్ (పుల్ల చివర మెత్తటి తల ఉన్నది) పాలిస్టర్‌ది తీసుకోండి. దూది స్వాబ్ నుంచి రాలిన పోగు ఒక్కటి చుక్కలో పడినా సెల్యులోజ్ 1380 దగ్గర పీక్ ఇస్తుంది. అయిదుగురు మోసగాళ్లలో ఇది మొదటిది. స్వాబ్‌ని సగం ఎథనాల్, సగం నీళ్లు ఉన్న ద్రావణం 50 మైక్రోలీటర్లతో తడిపి, ఆ చదరాన్ని అడ్డంగా పదిసార్లు, నిలువుగా పదిసార్లు తిప్పుతూ తుడవండి. ఎసిటోన్ వాడకండి, స్వాబ్ పుల్లనీ దాని జిగురునీ కరిగించి తెస్తుంది. స్వాబ్ తల తుంచి 200 మైక్రోలీటర్ల ఎథనాల్‌లో వేసి అర నిమిషం వోర్టెక్స్ చేయండి (గిర్రున కుదపండి).

20 మైక్రోలీటర్ల చిక్కటి కొల్లాయిడ్, 5 మైక్రోలీటర్ల ఈ కషాయం, 2 మైక్రోలీటర్ల 0.1 మోలార్ ఉప్పు ద్రావణం, ఈ వరుసలోనే కలపండి. ఉప్పు ముందు వేస్తే థైరమ్ వచ్చి చేరేలోపే కణాలు గుంపు కట్టేస్తాయి. రంగు బూడిద వైపు తిరుగుతుంది. సరిగ్గా 2 నిమిషాలకు కొలవండి, ప్రతి నమూనాకూ అంతే సమయం. పది నిమిషాలు దాటితే వెండి అడుక్కి దిగి సంకేతం పడిపోతుంది.

చుక్కను పెట్టాల్సింది గాజు స్లైడ్ మీద కాదు, వంటింటి అల్యూమినియం ఫాయిల్ మీద. 785 లేజర్ పడితే మామూలు గాజు 1400 చుట్టుపక్కల గుట్టలాంటి వెడల్పాటి వెలుగు ఇస్తుంది. రెండో మోసం అదే. స్లైడ్‌కి ఫాయిల్ చుట్టి వాడుకుంటే పావలా ఖర్చుతో ఆ గొడవ వదిలిపోతుంది.

లేజర్ 5 మిల్లీవాట్ల దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే 10కి పెంచండి. 5 సెకన్ల స్కాన్లు అయిదు తీసి, సగటు చేసే ముందు అయిదింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి చూడండి. ఒక్క స్కాన్‌లోనే కనబడిన సూదిలాంటి పీక్ అంతరిక్ష కిరణం, దాన్ని తీసేయండి. స్కాన్ స్కాన్‌కీ 1350, 1580ల దగ్గర రెండు వెడల్పాటి గుట్టలు పెరుగుతుంటే నమూనా మాడుతోంది, అది మసి. ఇది మూడో మోసం, అన్నిటికన్నా తరచుగా జరిగేది కూడా. సంకేతం తక్కువగా ఉందని పవర్ పెంచినకొద్దీ పీక్ పెరుగుతుంది, కొలిచేవాళ్లు సంతోషిస్తారు, అక్కడ పెరిగేది బొగ్గు. నాలుగోది కొల్లాయిడ్‌లోని సిట్రేట్, 1400 దగ్గర వెడల్పుగా లేస్తుంది. థైరమ్ పీక్ సన్నగా, మొనదేలి ఉంటుంది. వెడల్పాటి దేన్నీ థైరమ్ అనకండి.

అయిదోది చేతి తొడుగు. లాటెక్స్, నైట్రైల్ గ్లౌజులు తయారు చేసేటప్పుడు రబ్బరు గట్టిపడడానికి థయూరమ్‌లు, డైథయోకార్బమేట్‌లు కలుపుతారు. థైరమ్ స్వయంగా థయూరమ్ కుటుంబానిదే. ఎథనాల్ తడి ఉన్న వేలితో స్వాబ్ తలని ఒక్కసారి నొక్కితే చాలు, మిగతా నాలుగు మోసాల్లో దేనికీ లేని సన్నటి, అచ్చమైన పీక్‌లు వస్తాయి, తోడు పీక్‌లతో సహా. అది అబద్ధపు పీక్ కూడా కాదు, నిజమైన రసాయనమే, కాకపోతే పండు మీదది కాదు. డ్రాపర్ రబ్బరు బుడ్డి, రబ్బరు బిరడా, కోయంబేడులో కట్టలకు వేసే రబ్బరు బ్యాండ్, వీటన్నిటిదీ ఇదే కథ. వినైల్ గ్లౌజులు వాడండి, స్వాబ్ తలని పట్టకారుతో పట్టుకోండి, రబ్బరు బ్యాండ్ తగిలిన చోట తుడవకండి. అనుమానం తీరాలంటే వాడుతున్న గ్లౌజు ముక్క కోసి ఎథనాల్‌లో నానబెట్టి, దాన్నే నమూనాలా కొలిచి చూడండి.

అవును, కాదు

ప్రతి పూటా నాలుగు బ్లాంక్‌లు (పండు మీది మందు లేని పోలిక నమూనాలు) తీయండి: ఉత్త కొల్లాయిడ్, ఏమీ తుడవని స్వాబ్, గ్లౌజు, శుభ్రమైన తొక్క. శుభ్రమైన తొక్క ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. అదే పండు మీద ఒక చోట ఎథనాల్ స్వాబ్‌లతో అయిదారు సార్లు తుడిచి, ఆఖరి స్వాబ్‌ని బ్లాంక్‌గా తీసుకోండి. మైనం కూడా కొంత పోతుంది కాబట్టి ఇది అచ్చంగా సమానం కాదు, అయినా లేకపోవడం కన్నా ఎంతో నయం. వీటితో పాటు 240 మెట్టు వేసిన తొక్క ఒకటి కొలవండి. అందులో పీక్ రాకపోతే ఆ పూట వచ్చిన "లేదు" ఫలితాలేవీ చెల్లవు.

మేం పాటించే నియమం ఇది. బేస్‌లైన్ (పీక్‌ల కింద ఉండే నేపథ్య వెలుగు) తీసేశాక 1380 పీక్ ఎత్తు, ఏ పీక్ లేని 1800 పైభాగంలోని నాయిస్ (రేఖ సహజ వణుకు) ప్రామాణిక విచలనానికి మూడింతలు దాటాలి. దానికి తోడుగా 560, 1145, 1510 పరిసరాల్లో కనీసం రెండు పీక్‌లు ఉండాలి. నాలుగు బ్లాంక్‌లలో ఇవేవీ ఉండకూడదు. మామిడి, టమాటా, కమలా తొక్కల విషయంలో ఇంకాస్త కఠినంగా ఉండండి. వాటిలోని కెరోటినాయిడ్‌లు 1157, 1525 దగ్గర పీక్‌లు ఇస్తాయి, చిన్న స్పెక్ట్రోమీటర్‌లో అవి 1145, 1510లలా కనబడతాయి. ఆ పండ్లకు 560 కనబడితేనే అవుననండి. బేస్‌లైన్ తీసేటప్పుడు పెద్ద ఘాతం బహుపది వాడితే అదే కొత్త పీక్‌లు పుట్టిస్తుంది. తీయకముందు ముడి రేఖలో కంటికి ఆనని పీక్‌ని తీశాక నమ్మకండి.

పీక్ ఎత్తుకీ మందు మోతాదుకీ సూటి గీత రాదు, వెండి నిండిపోయాక ఎత్తు ఆగిపోతుంది. అందుకే అంకె ఇవ్వకుండా "24 మెట్టు కన్నా తక్కువ", "24కీ 240కీ మధ్య", "240 పైన" అని మూడు తరగతుల్లో రాయండి. 2.4 మెట్టు మీ మెషీన్‌లో కనబడకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అప్పుడు "థైరమ్ లేదు" అని మాత్రం రాయకూడదు. ఆపిల్ మీద 11 నానోగ్రాముల హద్దు సరిగ్గా 2.4, 24 మెట్ల మధ్య ఉంది కాబట్టి "24 కన్నా తక్కువ" అన్న ఫలితం చట్టపరమైన పరిమితి గురించి ఏమీ చెప్పదు.

పేరు విషయంలోనూ జాగ్రత్త పడాలి. వెండిని తాకగానే థైరమ్‌లోని గంధకం, గంధకం మధ్య బంధం తెగి రెండు ముక్కలవుతుంది. థైరమ్‌కి దగ్గరి బూజు మందులైన జైరమ్, ఫెర్బమ్ కూడా వెండి మీద అదే ముక్కగా మిగులుతాయి. ఈ మూడింటినీ ఈ పద్ధతి విడదీయలేదు. రిపోర్టులో "డైమిథైల్ డైథయోకార్బమేట్ రకం" అని రాయండి.

అవునని తేలిన పండ్లను ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపేటప్పుడు కోయకండి, మెత్తగా చేయకండి. పులుపు రసం తగిలితే ఈ జాతి మందులు అక్కడే విరిగిపోతాయి. అదే గుట్టలోంచి తీసిన, స్వాబ్ తగలని పండ్లు కనీసం పది, మొత్తం కిలోకి తగ్గకుండా, రబ్బరు బ్యాండ్ లేని సంచిలో వేసి పంపండి. ల్యాబ్‌లు సాధారణంగా ఈ మందుల్ని ఆమ్లంతో విరగ్గొట్టి, వెలువడిన కార్బన్ డైసల్ఫైడ్‌ని కొలుస్తాయి. రిపోర్టులో ఉన్నది ఆ అంకె అయితే, ఉన్నదంతా థైరమే అనుకుని దాన్ని 0.633తో భాగించండి. 0.63 మిల్లీగ్రాముల కార్బన్ డైసల్ఫైడ్ అంటే 1 మిల్లీగ్రాము థైరమ్, అంటే ఆపిల్ తొక్క మీద దాదాపు 1090 నానోగ్రాములు. అలాంటి ఆపిల్‌కి మీ పట్టికలో "240 పైన" అని కాకుండా ఇంకోటి రాసి ఉంటే, స్వాబ్ తుడిచిన తీరు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.